పడనివాళ్లే చూడాలి

మా సార్ పోయారన్న కబురు నాకు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఆఫీసులో టీ తాగుతూ ఫోన్ తీస్తే, ఎవరో పంపిన ప్లాట్ల ప్రకటనకీ ఇంకెవరో పంపిన జోకుకీ మధ్య ఇరుక్కుని ఉంది ఆ ముక్క. గుండెపోటట, ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయిందట. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఒకాయన అదే ఊపులో శుభోదయం అని గులాబీ పువ్వు కూడా పెట్టాడు. పైన ఏముందో చదివి ఉండడు. ఏడుపు రావాల్సిన చోట నాకు ఒళ్లు మండింది. ఏడుపు చాలాసేపటికి గానీ రాలేదు.

ఆ గులాబీని చూస్తే సార్ ఒకే మాట అనేవారు. "గలీజు." ఆయన నోట ఆ మాట పడని విద్యార్థి మా బ్యాచ్‌లో లేడు. క్యాంటీన్ టీ గలీజు. తుడవని కీబోర్డు గలీజు. చదవకుండా పెట్టిన సంతకం అన్నిటికంటే గలీజు.

ఆ వారంలోనే మా డిపార్ట్‌మెంట్‌లో సంతాపసభ పెట్టారు. వెళ్లాను. ఇప్పటి హెచ్‌ఓడీ మైకు పట్టుకుని, "సార్ అజాతశత్రువు. ఒకరిని నొప్పించి ఎరగరు. ఆయనకు అందరూ కావలసినవాళ్లే" అన్నాడు. ముందు వరసలో తలలు ఊగాయి. పాఠకులు క్షమించాలి, ఆ ఊగే తలలు నాకు గలీజుగా కనిపించాయి. సార్‌కు శత్రువులు లేకపోవడమేమిటి? ఆ మైకు పట్టుకున్న మనిషే ఒకప్పుడు కొత్త లెక్చరర్‌గా సార్ మీద ఫిర్యాదు రాసి, హాస్టళ్లు తిరిగి సంతకాలు పోగుచేశాడు. సార్ నొప్పించనివాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లు ఆయన దగ్గర చదువుకోనివాళ్లే. మెత్తనివాడు, మంచివాడు అని పొగిడి ఆయన్ను ఆయన కాకుండా చేసి పంపేస్తున్నారు. ఆ సభలో ఒక్కరూ ఆయన గురించి నిజం మాట్లాడలేదు కాబట్టి ఇది రాస్తున్నాను.

ఆయన మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగారు. తండ్రి రైల్వేలో ఫిట్టర్. సార్ తెలుగులో ఉర్దూ ఎంత ఉండేదో, ఇంగ్లీషూ అంతే ఉండేది, క్లాసులోనైనా బయటైనా ఒకటే మాట. తార్నాకలో ఫ్లాటు కొనుక్కుని అక్కణ్ణుంచి క్యాంపస్‌కి నడిచి వచ్చేవారు. వచ్చీరాగానే జేబురుమాలుతో కీబోర్డు తుడిచి, ఆ రుమాలు మళ్లీ జేబులో పెట్టుకోవడానికి మనసొప్పక కిటికీ ఊచకు ఆరవేసేవారు. సమోసా ఇస్తే విరిచి, లోపల చూసి, వాసన పీల్చి అప్పుడు తినేవారు. చాలాసార్లు తినేవారు కాదు. ఎవరైనా "పర్లేదు సార్, బాగానే ఉంది" అంటే ముఖం చిట్లించి, "పర్లేదు అన్నదానికే నాకు భయమైతది" అనేవారు.

ఆయన మాకు నేర్పింది సర్క్యూట్ బోర్డుల డిజైన్. పాత టీవీ విప్పితే లోపల ఆకుపచ్చ పలక ఒకటి కనిపిస్తుంది కదా, అదీ బోర్డు. దాని మీద కూర్చునే ప్రతి వస్తువుకూ కాళ్లుంటాయి. ఏ కాలు ఎక్కడ దిగాలో కంప్యూటర్‌లో ముందే బొమ్మ గీసి పెట్టుకోవాలి. ఆ బొమ్మలన్నీ దాచిపెట్టుకునే చోటును లైబ్రరీ అంటారు. ఒకరు గీసి పెడితే తర్వాతివాళ్లు తీసుకుని వాడుకుంటారు. ప్రాణానికి సుఖమే. కానీ గీసినవాడు ఒక కాలు వెంట్రుకవాసి పక్కకు గీశాడనుకోండి, ఆ తప్పు అక్కడితో ఆగదు. ఆ బొమ్మ తీసుకున్న ప్రతివాడి బోర్డులోకీ దూరుతుంది. బోర్డు తయారై చేతికొచ్చాక గానీ బయటపడదు. అప్పుడిక చేసేదేమీ ఉండదు, చెత్తబుట్టలో వెయ్యడమే.

అందుకని ల్యాబ్‌లో సార్ ఒక పద్ధతి పెట్టారు. బొమ్మను ఉన్న సైజులో కాగితం మీద ప్రింటు తీయాలి. కాగితం కింద థర్మకోల్ ముక్క పెట్టాలి. అసలు వస్తువు తెచ్చి కాగితం మీద ఉంచి నొక్కాలి. దాని కాళ్లన్నీ మనం గీసిన చుక్కల్లోంచే కాగితాన్ని పొడుచుకుని దిగితే బొమ్మ లైబ్రరీలోకి వెళ్తుంది. ఒక్క కాలు పక్కన దిగినా వెళ్లదు. ఇంతవరకు చాలా చోట్ల చేస్తారు. మా సార్ దీనికి తనదైన షరతు ఒకటి కలిపారు. నొక్కి చూసే పని గీసినవాళ్లు చేయకూడదు, వాళ్ల స్నేహితులు అసలే చేయకూడదు.

"నీ బొమ్మ నీ దోస్తు చూస్తే ఏమైతది? నిన్ను చూస్తడు, బొమ్మను చూడడు. మనోడు చూసిండంటే ఎవ్వడు చూడనట్టే. నీతోని పడనోడు చూడాలె. నీ తప్పు ఎప్పుడు దొరుకుతదా అని వాడు ఆకలి మీద ఉంటడు."

పెళ్లి సంబంధాలు చూసేవాళ్లు జాతకాలు కలిసేవి వెతికినట్టు, ఈయన కలవనివి వెతికేవారు. హాస్టల్ మెస్సులో ఎవరు ఎవరితో గొడవపడ్డారు, ఎవరు ఎవరి నోట్సు ఇవ్వకుండా ఎగ్గొట్టారు, అన్నీ ఆరా తీసి జతలు కుదిర్చేవారు. ఆ లైబ్రరీ అంటే ఆయనకు ప్రాణం. ఎవరైనా కళ్లు మూసుకుని ఒక బొమ్మ తీసుకుంటే, అది తప్పు కాకూడదు. ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే మొహం తెలియని విద్యార్థికైనా సరే. మా దగ్గర ఆయన ఆశించింది అదొక్కటే.

నేను చేరిన కొత్తలో ఒక కనెక్టర్ బొమ్మ గీసి దానికి "న్యూ ఫైనల్" అని పేరు పెట్టాను. అప్పటికే లైబ్రరీలో అలాంటివి కొన్ని దూరాయి. సార్ హాజరు పిలిచినట్టు గట్టిగా చదివారు. "న్యూ. న్యూ వన్. న్యూ ఫైనల్. అసలు ఫైనల్." ల్యాబంతా నవ్వింది. తర్వాత నా వైపు తిరిగి, "వాసంతీ, పేరు చూస్తే వస్తువు తెల్వాలె. నీ మూడ్ తెల్వొద్దు" అన్నారు. ఇవాళ మా కంపెనీలో కొత్తగా చేరినవాళ్లు ఫైళ్లకు పెట్టే పేర్లు చూస్తే నాకూ అదే రోత. అదే మాట అంటాను, కాకపోతే నా గుంటూరు యాసలో అంత బాగా పలకదు.

అవును, మాది గుంటూరు వైపు. నాన్న ఉద్యోగం వల్ల నేను పుట్టింది మాత్రం తార్నాకలోనే. నేను ఎంటెక్‌లో ఉండగా తెలంగాణ ఉద్యమం క్యాంపస్‌ను కుదిపేసింది. గేటు దగ్గర ముళ్లకంచె, పోలీసు వ్యాన్లు. కొన్ని మధ్యాహ్నాలు బాష్పవాయువు ల్యాబ్ కిటికీల్లోంచి లోపలికి వచ్చేది. అందరం కళ్లు తుడుచుకుంటూ కూర్చునేవాళ్లం, పక్కవాడిది ఏ జిల్లా అని ఆ పొగ చూడదు కదా.

సార్ తెలంగాణ రావాలని కోరుకున్న మనిషి. అందులో నాన్చుడు లేదు. సాయంత్రం దీక్షా శిబిరంలో పిల్లలతో పాటు చాప మీద కూర్చునేవారు. రోడ్ల మీద వంటావార్పు చేసిన రోజు తార్నాక చౌరస్తాలో గరిటె పట్టుకుని పప్పు తిప్పారు. ఉప్పు ఎవరూ రుచి చూడకుండానే వడ్డించబోతే అక్కడా తిట్టారట. శిబిరం నుంచి ల్యాబ్‌కు వస్తే మాత్రం ఆయన మాకు అదే సార్. నేను గీసినదీ అంతే చీదరగా చూసేవారు, జనగామ పిల్లాడు గీసినదీ అంతే చీదరగా చూసేవారు. నాకు అదే పెద్ద ఊరటగా ఉండేది. ఆ రోజుల్లో కాలేజీలో నన్ను ప్రత్యేకంగా చూడని మనిషి ఆయన ఒక్కరే.

బంద్‌ల వల్ల కొన్నాళ్లు క్యాంపస్ మూసి తెరిచారు. వచ్చి కంప్యూటర్ పెడితే లైబ్రరీ రెండు ముక్కలై ఉంది. ఒక ఫోల్డర్ పేరు "మన". ఇంకోదాని పేరు "అసలు". తెలంగాణ వాళ్లు ఒకటి కాపీ చేసుకున్నారు, ఆంధ్రావాళ్లు ఒకటి. అటువాళ్లు గీసింది ఇటువాళ్లు ముట్టరు, ఇటువాళ్లు గీసింది అటువాళ్లు ముట్టరు. థర్మకోల్ ముక్కలు బీరువా మీద దుమ్ము పట్టి ఉన్నాయి. ఎవరి బొమ్మను వాళ్ల మనిషే చూసి, చూశానని చెప్పేసి టీకి వెళ్లిపోతున్నారు. బయట జరిగే పోరాటానికి ఒక అర్థం ఉంది, అది ఎవరికి నచ్చినా నచ్చకపోయినా. ఈ రెండు ఫోల్డర్లకు ఏ అర్థమూ లేదు, ఉత్త బద్ధకం. పని ఎగ్గొట్టడానికి కులం, ఊరు, ప్రాంతం ఏది దొరికినా మనవాళ్లు అడ్డం పెట్టుకుంటారు.

ముందు దెబ్బ తిన్నది యాదగిరి. జనగామ దగ్గర పల్లె అతనిది, శిబిరంలో ముందుండేవాడు, పాటలు పాడేవాడు. నాతో మాట్లాడేవాడు కాదు, నేనూ మాట్లాడేదాన్ని కాదు. అతని ప్రాజెక్టు బోర్డులు తయారై వచ్చాయి. చూస్తే కనెక్టర్ తిరగబడి ఉంది. దాన్ని తయారుచేసే కంపెనీవాడు తన వివరాల కాగితంలో ఆ కనెక్టర్‌ను కింది నుంచి చూసినట్టు ముద్రించాడు. గీసినవాడు అది పైనుంచి అనుకుని గీశాడు. కుడికాలు ఎడమకు, ఎడమకాలు కుడికి. చూడాల్సినవాడు దోస్తే కాబట్టి థర్మకోల్ మీద నొక్కలేదు. బోర్డులన్నీ బుట్టలోకి పోయాయి. మా వైపు బెంచీ వాళ్లు నవ్వారు, ఒకడు చప్పట్లు కూడా కొట్టాడు. నేను వాడి పక్కనుంచి లేచి వేరే బల్ల దగ్గర కూర్చున్నాను. తర్వాత కొద్ది రోజులకే మా వైపు వాళ్ల బోర్డులు వచ్చాయి, వాటిలో రంధ్రాలు చిన్నవై ఒక్క కాలూ దూరలేదు. అప్పుడు అటు బెంచీ పండగ చేసుకుంది.

సార్ రెండు బోర్డులూ తెప్పించి బల్ల మీద పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. ఐకమత్యం గురించి ఉపన్యాసం ఇస్తారని అందరం సిద్ధపడ్డాం. ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని "మన"ను తీసేశారు. "అసలు"నూ తీసేశారు.

"రెండిట్ల ఒక్కటి గూడ నమ్మేటట్టు లేదు," అన్నారు. "మళ్ల మొదటికెల్లి గీయున్రి. ఇటోళ్లు గీసింది అటోళ్లు చూడాలె, అటోళ్లు గీసింది ఇటోళ్లు చూడాలె."

యాదగిరి లేచి నిలబడ్డాడు. "సార్, వాళ్లు మా పని చూసుడేంది? మీరు గూడ గిట్లంటే ఎట్ల?"

"ప్రేమ పెంచుకోమంటలేను రా. ఒకల మీద ఒకలకు మండుతున్నది కద? ఆ మంట గాడ రోడ్డు మీద ఎంతనన్న పెట్టు, నేను గూడ వస్త. గీడ మాత్రం కాగితం మీద పెట్టు."

నా కష్టం నాకుంది. నా బోర్డు ఆ నెలాఖరులోగా తయారీకి వెళ్లకపోతే ఆ ఏడాది పోయినట్టే. ఇంట్లో నాన్న గుంటూరు వెళ్లిపోదామని పట్టుబడుతున్నాడు. చదువు పూర్తయ్యేదాకా ఆగండి నాన్నా అని బతిమాలి ఆపుతున్నాను. ఏడాది పోతే ఆగడు. అలాంటప్పుడు సార్ నా బొమ్మలన్నిటినీ ఎవరి చేతిలో పెట్టారనుకున్నారు? యాదగిరి చేతిలో.

మా ఇద్దరి మధ్య థర్మకోల్ ముక్క. అతను నా కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి, దొంగనోటు చూసినట్టు చూశాడు.

"మొదటి కాలుకు గుర్తేది?"

"అది అందరికీ తెలిసిందేగా."

"నాకు తెల్వదు. గుర్తు పెట్టి తే."

పెట్టి తెచ్చాను. మళ్లీ తిప్పికొట్టాడు. అతని బొమ్మ నా చేతికొచ్చినప్పుడు నేనూ ఊరుకోలేదు. "మీవాళ్లకు కింది వైపు, పై వైపు తేడా తెలీదనుకుంటా" అన్నాను. "మీవాళ్లకు రంధ్రం ఎంతుండాల్నో తెల్వదు కద" అన్నాడు. పక్క బల్ల దగ్గర సార్ టీ తాగుతున్నారు. ఆ టీని కూడా తిట్టలేదు, అంత తృప్తిగా ఉన్నారు. "మంచిగ నడుస్తున్నది. కానీయున్రి" అన్నారు.

చివర్లో కరెంటును సర్ది పంపించే మూడు కాళ్ల వస్తువు ఒకటి వచ్చింది. యాదగిరి నొక్కి చూశాడు, కాళ్లు సరిగ్గానే దిగాయి. నేను కాగితం లాక్కోబోయాను. అతను ఇవ్వలేదు. వస్తువును తిప్పి, దాని మీద ముద్రించిన అక్షరాలు చదివి, కంపెనీ కాగితం తెరిచి, మధ్య కాలుకూ చివరి కాలుకూ నేను రాసిన పేర్లు తారుమారయ్యాయని వేలు పెట్టి చూపించాడు. అది అలాగే వెళ్లుంటే కరెంటు పెట్టగానే నా బోర్డు కాలిపోయేది. నేను కృతజ్ఞతలు చెప్పలేదు. అతనూ ఎదురుచూడలేదు. దిద్దుకొచ్చాక, "ఇప్పుడు పంపుకో" అని మాత్రం అన్నాడు. బోర్డు వెళ్లింది, వచ్చింది, పనిచేసింది. నేను పరీక్ష గట్టెక్కాను. నా తల్లిదండ్రుల కంటే నా చదువుకు ఎక్కువ మేలు చేసింది నా మీద అతనికున్న ఆ మంటే.

అప్పుడే ఫిర్యాదు పుట్టింది. ఇందాక మైకు పట్టుకున్నాడని చెప్పానే, ఆ పెద్దమనిషి రాశాడు. మొదటి పేరాలో, సార్ తెలంగాణ బిడ్డలను ఆంధ్రావాళ్ల ముందు దోషుల్లాగా నిలబెడుతున్నారని. రెండో పేరాలో, సార్ ఉద్యమం పేరుతో ఆంధ్రా విద్యార్థులను వేధిస్తున్నారని. అటువాళ్లకు మొదటి పేరా చదివి వినిపించాడు, ఇటువాళ్లకు రెండోది. అందరూ సంతకాలు పెట్టారు. నాన్న గడప దాటనివ్వక ఆ రోజు నేను క్యాంపస్‌కు వెళ్లలేదు, సంతకమూ పెట్టలేదు గానీ, ఇది తర్వాత అందరికీ తెలిసిన కథే. ఆ రెండేళ్లలో రెండు బెంచీల వాళ్లూ కలిసి చేసిన పని ఏదైనా ఉంటే అదొక్కటే. యాదగిరి కూడా పెట్టాడు.

పైవాళ్లు సార్‌ను పిలిపించి ఆ కాగితం చూపించారట. ఆయన ల్యాబ్‌కు తిరిగొచ్చి, కిటికీకి ఆరేసిన రుమాలు తీసుకుంటూ మాతో అన్నారు. "ఇద్దరు కలిసి సంతకం పెట్టిన్రు, సంతోషమే. గాని ఎవ్వడు చదవలే. చదివితే రెండో పేరా కాడ వాళ్లల్ల వాళ్లే కొట్టుకునేటోళ్లు." పైవాళ్లూ చదవలేదు. సంతకాలు చూసి ఆయన్ను ల్యాబ్ బాధ్యతల నుంచి తప్పించారు. కొత్తగా వచ్చినాయన నెట్‌లోంచి దొరికిన బొమ్మలన్నీ దించి మెషీన్లలో పోశాడు. ఎవరూ గీయక్కర్లేదు, ఎవరూ చూడక్కర్లేదు. అందరికీ హాయిగా ఉంది.

ఆ సాయంత్రం కూడా సార్ శిబిరానికి వెళ్లారు. చాప మీద ఆయనకు చోటు ఇవ్వడానికి ఎవరూ జరగలేదు. ద్రోహి అని ఎవరో గొణిగారు. ఆయన పేపరు పరుచుకుని అంచున కూర్చున్నారు. మర్నాడూ వెళ్లారు, ఆ మర్నాడూ వెళ్లారు. తన చేతిలోంచి తన పని లాక్కున్నవాళ్లతో కలిసి తన రాష్ట్రం కోసం కూర్చున్నారు. అలా కూర్చోవడం నాకు చేతకాదు. నేనైతే ఆ చాపను మళ్లీ కన్నెత్తి చూసేదాన్ని కాదు.

రాష్ట్రం వచ్చిన రోజు సార్ జిలేబీ పొట్లం పట్టుకుని మా ఇంటికి వచ్చారు. నాన్న సోఫాలోంచి లేవలేదు, జిలేబీ తీసుకోలేదు. అటు నాన్నను, ఇటు ఆ జిలేబీని ఏం చేయాలో నాకు తోచలేదు. సార్ ఒక ముక్క నోట్లో వేసుకుని, ముఖం చిట్లించి, "తీసుకోకపోవుడే మంచిదైంది సార్, పాకం గలీజుగున్నది" అన్నారు. నాన్న నవ్వు ఆపుకోలేకపోయాడు. తర్వాత టీ ఇచ్చి కూర్చోబెట్టాడు. గుంటూరు ప్రయాణం మాట మళ్లీ మా ఇంట్లో రాలేదు.

రిటైరయ్యాక కూడా సార్ బొమ్మలు గీయడం మానలేదు. ల్యాబ్‌లో పోయిన లైబ్రరీని తార్నాక ఫ్లాటులో, తన సొంత కంప్యూటర్‌లో, ఒక్కొక్కటిగా మళ్లీ కట్టుకున్నారు. అడిగినవాళ్లకు ఊరికే ఇచ్చేవారు. నేనూ తీసుకునేదాన్ని. ఇచ్చేముందు, "మీ ఆఫీసుల నీతోని పడనోడు ఎవడున్నడు?" అని అడిగేవారు. పేరు చెబితే, "వానికి చూపియ్యి" అనేవారు. నా కొలీగులతో నాకు ఎందుకు పడదో ఆయన ఒక్కసారీ అడగలేదు. అది ఆయనకు అనవసరం.

సంతాపసభకు తిరిగి వస్తాను. ల్యాబ్‌కు సార్ పేరు పెడతామని హెచ్‌ఓడీ ప్రకటించాడు. ఏ ల్యాబ్‌కి? ఆయన బొమ్మ ఒక్కటీ మిగలని ల్యాబ్‌కి. చప్పట్లు మోగుతుంటే నేను లేచి బయటికి వచ్చేశాను. మెట్ల మీద నాకంటే ముందే ఒక మనిషి నిలబడి ఉన్నాడు. యాదగిరి. జుట్టు సగం నెరిసింది. చర్లపల్లిలో బోర్డుల కంపెనీలో పనిచేస్తాడు. ఇన్నేళ్లలో మేం స్నేహితులం కాలేదు, ఎక్కడైనా ఎదురుపడితే తల ఊపి పోవడమే.

"అజాతశత్రువట," అన్నాడు మెట్లు దిగుతూ. "మరి నేనెవన్ని?"

ఆ రోజు నాకు నవ్వొచ్చింది అప్పుడొక్కసారే. సార్ ఇంటికే అతనూ బయల్దేరాడని తెలిసి ఇద్దరం నడిచాం. మెట్రో స్టేషన్ కింద రోడ్డు దాటేటప్పుడు, "సంతకం పెట్టినందుకు ఒకసారి పోయి కలిసిన. ఏమన్నడో తెలుసా? పెట్టినందుకు కోపం లేదు, చదవనందుకున్నది అన్నడు. నన్ను ఇంట్లకు రానీయలే ఆ రోజు" అన్నాడు. అతని గొంతులో ఇంకా ఆ కోపం ఉంది. దుఃఖమూ ఉంది, కానీ కోపం దాన్ని పైకి రానివ్వడం లేదు.

సార్ భార్యను మేమంతా అమ్మా అనే పిలుస్తాం. ఆమె తలుపు తీసి కుర్చీలు చూపించారు. భోజనాల బల్ల సగం ఖాళీగా ఉంది, మిగతా సగంలో సార్ సామాన్లు. థర్మకోల్ ముక్క, దాని మీద కొత్త ప్రింటు కాగితం, పక్కన అగ్గిపెట్టెంత రిలే. అపార్ట్‌మెంట్ బోరు మోటారు ట్యాంకు నిండగానే దానంతటదే ఆగిపోవడానికి సార్ ఒక చిన్న బోర్డు చేస్తున్నారట. మోటారును ఆన్ చేసి ఆపేది ఆ రిలేనే.

"పోయే ముందు రోజే గీసిండు," అన్నారు అమ్మ. "నేను చూస్త అన్న. నువ్వు నా దానివి, నీ చూపు చెల్లదు అన్నడు."

"మరి ఎవరికి చూపిస్తానన్నారమ్మా?" అన్నాను.

ఆమె యాదగిరి వైపు చూశారు. "నిన్నే పిలుస్త అన్నడు బిడ్డా. వానికి నేనంటే ఇప్పటికి మండుతది, వాడైతే వదలడు అన్నడు."

యాదగిరి లేచాడు. చేతులు కడుక్కుని వచ్చాడు. కుర్చీ లాక్కుని, కాగితం సర్ది, రిలేను రెండు వేళ్లతో పట్టుకుని బొమ్మ మీద ఉంచి నొక్కాడు. థర్మకోల్ కిరకిరమంది. తల వంచి ఒక్కో కాలూ చూశాడు. మళ్లీ తీసి, తిప్పి, మళ్లీ నొక్కాడు. నేను పక్కన నిలబడి సరిగ్గా ఉండాలని కోరుకుంటున్నాను. ఉండకపోయినా ఉందని చెప్పెయ్యి అందామని నోటిదాకా వచ్చింది. ఆయన పోయారు, ఈ రిలే ఇక ఏ బోర్డు మీదా కూర్చోదు, ఈమె ముందు ఎందుకు.

"తప్పున్నదమ్మా," అన్నాడు యాదగిరి.

అతను జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, చివరి కాలు దగ్గర సున్న చుట్టాడు. కాలు చుక్కలో దిగలేదు, దాని పక్కన కాగితాన్ని చీల్చుకుని దిగింది. సున్న చుట్టాక పెన్నుకు మూత పెట్టకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

"ఏడ?" అంటూ అమ్మ కళ్లజోడు పెట్టుకుని వచ్చి బల్ల మీదికి వంగారు. చాలాసేపు చూశారు. ఆయన పోయినప్పటి నుంచి ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ దేవుడు, దేవుడు అని చెప్పి కాఫీ తాగి వెళ్లారట. ఆమె ఎవరి ముందూ ఏడవలేదట. ఇప్పుడు ఆ ఎర్ర సున్న మీద వేలు పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు.

కాసేపటికి నేను కాగితం తీయబోయాను, దిద్ది మళ్లీ ప్రింటు తీద్దామని. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"దిద్దుదురు గని, జరసేపు గట్లనే ఉండనియ్యున్రి."

ముగ్గురం ఆ బల్ల చుట్టూ కూర్చున్నాం. థర్మకోల్ మీద రిలే నిలబడి ఉంది, ఒక కాలు గీత బయట పెట్టి.